పెద్దవారిని నడవనివ్వండి

మంచం పక్కన కూర్చొని కనిపెట్టుకొని ఉన్న మీతోనే ఈ నాలుగు మాటలు. "పడతావమ్మా, కదలకు" అని మీరు ప్రేమతోనే అంటారు. కాని కదలని కాళ్ళలో కండ తగ్గిపోతుంది, నిలకడ తప్పుతుంది. అప్పుడు నిజంగానే పడతారు.

డాక్టరుగారు నడవవచ్చని చెప్పాక మొదట వసారాలోనే 5 నిమిషాలు నడిపించండి. మెల్లగా పెంచుతూ రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు అయ్యేలా చూడండి. పొద్దున కొంత, సాయంత్రం కొంత నడిచినా లెక్కే. నడుస్తూ మాట్లాడగలగాలి, మాటకు ఆయాసం అడ్డొస్తే వేగం ఎక్కువైనట్టు.

చేతికర్రను చాలామంది నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. అది రెండో వైపు చేతిలో ఉండాలి. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది!

మోకాళ్ళ నొప్పులవారికి నీళ్ళలో నడక సుఖం. నడుములోతు నీటిలో కాళ్ళ మీద బరువు దాదాపు సగం తగ్గుతుంది. అయితే మెట్లు, పట్టుకొనే కడ్డీ ఉన్న ఈతకొలనులోనే, పక్కన మనిషి ఉండగానే దిగాలి. కాలువలో, చెరువులో వద్దు, పాచికి జారతారు. ఒంటిమీద పుండు ఉంటే మానేదాకా ఆగండి.

షుగరు ఉన్నవారిని చెప్పులు లేకుండా నడవనివ్వకండి. స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు కనుక, రాత్రి వారి పాదాలు మీరే చూడండి. నడకలో గుండెనొప్పి వస్తే వెంటనే కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి.