ఉప్పు – నురుగునీరు
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



తెలుగులో రసాయనశాస్త్రము నేర్చిన పిల్లలకు పై చదువులలో ఆ విషయము పట్టుబడునా యని మీలో ననేకులు నన్నడుగుచున్నారు. వాదమునకు దిగక, నేటి ఉదయము మన విద్యార్థులు చూపిన ప్రయోగమునే తెలుగులో వివరించెదను.

ఉప్పన బావినీటిలో సబ్బు విరిగిపోవుట గృహిణుల కెల్లరకు తెలిసినదే. ఆ నీటిలోని కాల్షియము, మెగ్నీషియము సబ్బుతో గలిసి కరగని తెట్టుగ మారును. బట్టకు చేరకమునుపే కొంత సబ్బు వ్యర్థమగును. అయానులుగా విడిపోని డిటర్జెంట్లు కొన్ని గలవు. వానికీ తెట్టు బాధ లేదు. అయితే వానిపై ఉప్పు ప్రభావమే లేదనుకొనరాదు. అది వేరొక మార్గమున పనిచేయును.

ఈ డిటర్జెంటు అణువున ఒక కొన నూనెను కోరును. రెండవ కొన పొడుగైన గొలుసు. ఆ గొలుసులోని ఆక్సిజన్ పరమాణువులను నీటి అణువులు హైడ్రోజన్ బంధములతో పట్టియుంచును. అందుచేతనే అది నీట కరగియున్నది. వేడిచేసినచో ఆ పట్టు సడలును. అణువుల గుంపులు ఒండొంటిని చేరగా ద్రావణము పాలవలె తెల్లబడును. చల్లార్చిన మరల తేటపడును. వేడికి చక్కెర మరింత కరగుటను చూచిన పిల్లల కిది మిక్కిలి వింతగా దోచినది! ట్రైటాన్ ఎక్స్-100 అను పదార్థమును నూటికొక పాలు కరగించినచో దాదాపు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇట్లు జరుగును.

అందు వంటయుప్పు తగినంత కలిపినచో అంతకంటె తక్కువ వేడికే తెల్లబడును. సోడియం సల్ఫేటు ఇంకను బలముగ పనిచేయును. ఈ లవణములు నీటిని తమవైపు లాగికొనగా గొలుసునకు నీరు కొరవడును. థయోసయనేటు లవణమన్ననో దీనికి విరుద్ధము: అది గొలుసును ఆశ్రయించి, తెల్లబడు వేడిని పైకి జరుపును. చిటికెడు ఉప్పుతో ఇవి కానరావు. సామాన్యముగ బావినీటి ఉప్పు ఇందుకు చాలదు గనుక తల్లులు భయపడనక్కరలేదు.

ఈ డిటర్జెంట్లు పుట్టకమునుపే, 1888లో ప్రాగ్ నగరమున హాఫ్‌మైస్టర్ అను శాస్త్రజ్ఞుడు గ్రుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తులను ఏ లవణ మెంత వేసిన విడదీయునో కొలిచి, లవణములకొక వరుస నేర్పరచెను. ఇంచుమించుగ ఆ వరుసయే ఇచ్చటను కనబడుచున్నది. కారణమును గూర్చి మాత్రము పండితులలో చర్చ నేటికిని ముగియలేదు.

ప్రయోగము ముగిసిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అయ్యవారూ, షాంపూలో ఉప్పు వేసిన చిక్కబడునని మా అమ్మ చెప్పినది. ఇది తెల్లబడినదేల?" అని ప్రశ్నించినది. షాంపూలలో పెక్కింట ఉండునది విద్యుదావేశము గల జాతి. ఉప్పు ఆ ఆవేశముల వికర్షణను తగ్గించగా, గుంపులు దారములవలె సాగి పెనవేసికొని చిక్కబడును. మితిమీరినచో మరల పలుచబడును. వచ్చు వారమున ఆమె రెండు గాజునాళికలను ప్రక్కప్రక్కన నుంచి వేడిచేసి చూడదలచినది. ఉప్పును, షాంపూను ఇంటినుండి తెచ్చునట.