ఆడపిల్ల ఆట ఎవరి నిర్ణయం?

(మచిలీపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఆడపిల్లల ఆటల గురించి మాట్లాడతానంటే ఒక మిత్రురాలు నవ్వింది. “కట్నం చావులు, తాగుడు, బాల్యవివాహాలు ఇన్ని పెట్టుకుని ఇప్పుడు ఆటలేమిటే?” అంది. ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. మన ఊళ్ళలో ఆడపిల్ల ఆట మానేసిన రోజుకీ, ఆ ఇంట్లో పెళ్ళి మాట మొదలైన రోజుకీ మధ్య దూరం చాలా తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. కాబట్టి ఆట కూడా మన సమస్యే.

దివిసీమలో నేను చూసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ సంగతి చెబుతాను. పెద్దపిల్ల ఖోఖో ఆడేది, పరుగు పందెంలో ముందుండేది. ఆరో తరగతిలో విసురు బాగుందని సాఫ్ట్‌బాల్ జట్టులో పిచ్చర్‌గా పెట్టారు. మిగతా ఆటలన్నీ మానిపించారు. పొద్దున విసరడమే, సాయంత్రం విసరడమే. ఆదివారం కూడా సెలవు లేదు. రాష్ట్రస్థాయికి వెళితే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే క్రీడా కోటా ఉంటుందని ఇంట్లోనూ ఆశపడ్డారు. రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్ళే తల్లి అలా ఆశపడటాన్ని మనం తప్పుపట్టలేం. తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆ పిల్ల జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేకపోయింది. నొప్పి ఉందని చెబితే జట్టులోంచి తీసేస్తారని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి జట్టు పోయింది, చదువూ వెనకబడింది. వేరే ఆటలోకి వెళదామంటే మూడేళ్ళుగా వేరే ఆటే ఆడలేదు.

చెల్లెలి కథ ఇంకా చిన్నది. ఏడో తరగతిలో పెద్దమనిషి అయింది. “ఇక ఆటలేమిటి” అన్నారు. అంతే.

ఒకరిని ఒక్క ఆటకే కట్టేశారు. ఇంకొకరిని అన్ని ఆటల నుంచీ లాగేశారు. “నీకేం కావాలి?” అని మాత్రం ఇద్దరిలో ఎవరినీ అడగలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

సాఫ్ట్‌బాల్ తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది బేస్‌బాల్‌కు దగ్గర ఆట. జట్టుకు తొమ్మిదిమంది. బంతి క్రికెట్ బంతికంటే పెద్దది. పిచ్చర్ చేతిని చక్రంలా ఒక చుట్టు తిప్పి కిందనుంచి విసురుతుంది. 1996 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఆటగా ఉంది. తర్వాత తీసేశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్ళీ ఆడించారు. కిందనుంచి విసిరితే భుజానికి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. అది అపోహ. బేస్‌బాల్ ఆడే పిల్లలకు రోజుకు ఇన్ని విసుర్లకు మించకూడదనే లెక్క చాలాచోట్ల ఉంది. సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్ల విసుర్లు లెక్కపెట్టేవాళ్ళే తక్కువ.

మరి ఒక్క ఆటను ఎంచుకోవడానికి సరైన వయసేది? 2016లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం దీనిమీద ఒక నివేదిక ఇచ్చింది. చాలా ఆటల విషయంలో 15, 16 ఏళ్ళ దాకా పిల్లలు రకరకాల ఆటలు ఆడటమే మంచిదని చెప్పింది. చిన్నప్పుడే ఒక్క ఆటలో పడితే అవే కండరాలు, అవే కీళ్ళు రోజూ అరుగుతాయి. మనసూ విసిగిపోతుంది. వారానికి కనీసం ఒకరోజు విశ్రాంతి ఉండాలి. పిల్లకు ఎన్నేళ్ళో, వారంలో అన్ని గంటలకు మించి సాధన చేయించకూడదన్నది గుర్తుంచుకోవడానికి తేలికైన సూత్రం. పన్నెండేళ్ళ పిల్లకు పన్నెండు గంటలు.

మన పిల్లలకు ఇంకో సంగతి కూడా ఉంది. రక్తహీనత. చాలినంత తిండి లేకుండా ఎక్కువ సాధన చేస్తే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. దాన్ని “ఆడేవాళ్ళకి మామూలే” అని కొట్టిపారేయకూడదు.

ఇక్కడ ఎవరైనా లేచి “మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మాటేమిటి?” అని అడగొచ్చు. అడగాలి కూడా. ఆమె చిన్నప్పుడే చదరంగంలోకి వచ్చింది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అంత చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళ అప్పటిదాకా ప్రపంచంలోనే లేదు. కానీ చదరంగంలో భుజం అరగదు, మోకాలు విరగదు. పైగా తండ్రి అశోక్ స్వయంగా ఆటగాడు. కూతురికి నేర్పడం కోసం ఉద్యోగం వదులుకున్నారు. ఎన్ని ఇళ్ళలో అది సాధ్యం? హంపి జీవితంలో నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాతి భాగం. 2017లో తల్లి అయింది, కొంతకాలం ఆటకు దూరంగా ఉంది, తిరిగొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024లో మళ్ళీ గెలిచింది. ఆడదాని ఆట పెళ్ళితోనో కాన్పుతోనో అయిపోదని దీనికంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

కొంచెం ఎగువన విజయవాడలో వెన్నం జ్యోతి సురేఖ ఉంది. పసితనంలోనే కృష్ణానదిని ఈది లిమ్కా రికార్డులకెక్కింది. ఇక ఈతే ఈ పిల్ల జీవితం అని అప్పుడే ముద్ర వేసి ఉండొచ్చు. ఆమె తర్వాత విల్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మొదట మొదలుపెట్టిన ఆటే చివరిదాకా ఆడాలన్న నియమం ఎక్కడా లేదు.

అందరూ పతకాలు తేవాలని నేననడం లేదు. ఎంచుకోవడానికి ముందు ఎదురుగా నాలుగు ఆటలు ఉండాలి కదా! మన పిల్లల పరిస్థితి చూడండి. బందరులో రోల్డుగోల్డు పని ఇళ్ళలోకి వస్తుంది. బడినుంచి రాగానే ఆడపిల్ల దాని ముందు కూర్చుంటుంది, తమ్ముడు బ్యాటు పట్టుకుని వీధిలోకి పోతాడు. పల్లెల్లో వరి కోయకముందే మినుము చల్లేస్తారు, పొలం ఆటస్థలం కాదు. ఒకప్పటి తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులాట కూడా వీధుల్లోంచి పోయాయి.

ఒక్క ఆటకే కట్టేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. పిల్ల భవిష్యత్తంతా ఒకే ఆటలో, ఒకే కోచ్ సంతకంలో ఇమిడిపోతే, ఆ మనిషి చెయ్యి హద్దు దాటినా పిల్ల నోరు విప్పలేదు. పేరున్న మహిళా మల్లయోధులే 2023లో న్యాయం కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. మరి పదమూడేళ్ళ పల్లెటూరి పిల్ల ఎవరితో చెబుతుంది? 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో క్రీడాసంస్థలు, స్టేడియంలు కూడా పనిస్థలాలేనని స్పష్టంగా రాసి ఉంది. పిల్లల రక్షణకు 2012 పోక్సో చట్టం ఉంది. ఇవి మన పిల్లల తల్లులకు తెలియాలి.

మనం అడిగేది దయ కాదు. 1992లో మన దేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని హక్కు అంది. ఆడవాళ్ళపై వివక్షను తొలగించే ఒడంబడిక 10వ అధికరణం ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంది.

కాబట్టి ఇక్కడినుంచి వెళ్ళాక మీ ఊరి బడి కమిటీలో ఈ ప్రశ్నలు వేయండి. ఆటస్థలం ఎవరి చేతిలో ఉంది? ఆటల పీరియడ్‌లో ఆడపిల్లలు ఎక్కడుంటున్నారు? ఎనిమిదో తరగతి దాకా ప్రతి పిల్లా రెండు మూడు ఆటలైనా ఆడుతోందా? జట్టులో ఉన్న పిల్లకు వారానికో సెలవు ఉందా? నొప్పి అని చెబితే వినేవాళ్ళున్నారా? నెలసరి రోజుల్లో వాడుకోవడానికి నీళ్ళున్న మరుగుదొడ్డి ఉందా? పోటీలకు పంపేటప్పుడు వెంట ఆడమనిషి వెళుతోందా?

ఆ పెద్దపిల్ల మొన్న కనిపించింది. భుజం కాస్త నయమైంది. ఇప్పుడు సాయంత్రాలు వీధిలో పిల్లలకు ఖోఖో నేర్పుతోంది. చెల్లెల్ని కూడా లాక్కొస్తోందట. “మీ నాన్న ఒప్పుకున్నాడా?” అని అడిగాను.

“మేం అడగలేదండీ, ఆడుతున్నాం” అంది.