ఆగని ఆజ్ఞ
(సంఘ సభలో ఒక వర్తక సభ్యుని ప్రసంగము)



నేను మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించిన వర్తకుడను. మా బంధువొకరికి రక్త క్యాన్సరు వచ్చినపుడు వైద్యుల మాటలను ఇంటి పెద్దలకు తెలుగులో చెప్పవలసిన భారము నాపై బడినది. అప్పుడు తెలిసికొన్నదే మనవి చేయుచున్నాను.

మన కణములలో 'ఏబీఎల్' అను ఎంజైము కలదు. కణము పెరుగుటకు సంకేతమిచ్చి, పని తీరగానే ఊరకుండుట దాని ధర్మము. 9వ, 22వ క్రోమోజోముల తునకలు తారుమారైనచో, అది 'బీసీఆర్' అను ప్రోటీనుతో అతుకుకొని విరామము లేక ఆజ్ఞలిచ్చును, తెల్లకణములు మితిమీరును. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా యనగా ఇదియే. ఈ తారుమారును 1973లో జానెట్ రౌలీ అను విదుషీమణి కనుగొనెను.

పరిశోధనకు కావలసినంత ఎంజైమును రోగి శరీరమునుండి తీయజాలరు. కావున మానవ జన్యువును బాక్టీరియాలో చొప్పించి తయారు చేయుదురు. అది బాక్టీరియాకే హాని చేయును గనుక, దాని పనిని ఎప్పటికప్పుడు చెరిపివేయు ఫాస్ఫటేజు అను మరియొక ఎంజైమును తోడుంచుదురు. అట్లు లభించిన ఎంజైముపై మందులను పరీక్షింతురు.

దీనిని అణచు ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించినది. 2013లో మన సుప్రీంకోర్టు దాని పేటెంటును నిరాకరించుటచే చౌక మాత్రలకు దారి నిలిచినది.

మా బంధువు ఒళ్లు కుదుటపడగానే అప్పు తీరినదని తలచి మాత్రలు మానెను, వ్యాధి తిరుగబెట్టెను. మాత్ర ఎంజైమును అణచునే గాని చెడిన జన్యువును సరిదిద్దదు. వైద్యుడు చెప్పనిదే మానరాదు.

ఏ రాష్ట్రమున నున్నను, ఆసుపత్రి మాట ఇంటి భాషలో అర్థము కావలెను. ఆ సేవ మన సంఘము చేయదగినది.