బొలోన్యాలో ఒక సెమిస్టర్

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని చెబుతారు. పాశ్చాత్య దేశాల్లో నేటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అదే అతి పాతదని పేరు. అక్కడ ఒక సెమిస్టర్ చదవదలచిన విద్యార్థి ముందుగా తేల్చుకోవలసింది క్రెడిట్ల సంగతి. ఐరోపా లెక్కలో ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. అక్కడి ఏ సబ్జెక్టు సొంత కోర్సులో దేనికి సరిపోతుందో లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రంలో రాసుకుంటారు. దానిపై విద్యార్థీ, రెండు విశ్వవిద్యాలయాలూ సంతకాలు చేయాలి. వెళ్లాక టైమ్‌టేబుల్ కుదరకపోతే గడువులోగా దాన్ని మార్చుకోవచ్చు. అందుకే రెండు మూడు సబ్జెక్టులకు అదనంగా ఆమోదం తీసుకుని ఉంచుకోవడం ఎంతో మేలు.

పరీక్షల తీరు వేరు. చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదుట కూర్చుని నోటితో జవాబు చెప్పాలి. మార్కులు 30కి, పాసవడానికి 18 రావాలి. ఒక్కో సబ్జెక్టుకు ఒకటికి మించి పరీక్ష తేదీలుంటాయి. మొదటి సెమిస్టర్ పరీక్షలు ఫిబ్రవరి దాకా సాగవచ్చు కనుక, తేదీ మార్చుకునే వీలున్న తిరుగు టికెట్ కొనాలి.

90 రోజులు దాటే చదువుకు భారతీయులు డి రకం వీసా తీసుకోవాలి. ఇటలీ చేరిన 8 పని దినాల్లో నివాస పర్మిట్‌కు పోస్టాఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. అన్నిటికన్నా కష్టం గది దొరకడం. సెప్టెంబరులో తరగతులంటే, ఆ వెతుకులాట వేసవికి ముందే మొదలవ్వాలి.