కణముల పిలుపు, కణముల వినికిడి

ఈ క్షణమున మీ గదిలో ఎన్నో స్టేషన్ల తరంగములు సంచరించుచున్నవి. ఐనను శ్రుతి కుదిరిన రేడియోకే అవి వినబడును. మన దేహమునందలి కణముల వ్యవహారమును ఇట్టిదే.

భోజనానంతరము రక్తమున చక్కెర హెచ్చగనే క్లోమగ్రంథిలోని బీటా కణములు ఇన్సులిన్‌ను విడుచును. 51 అమైనో ఆమ్లముల ఈ చిన్న అణువు రక్తముతో దేహమంతటను తిరుగును గాని, దానిని పట్టగల గ్రాహకమున్న కణమే దాని మాట వినును. విచిత్రమేమన, ఇందుకు ఇన్సులిన్ కణములోనికి పోనక్కరలేదు. పైపొరలో గ్రుచ్చుకొనియున్న గ్రాహకమును వెలుపల తాకిన చాలును. దాని లోపలి కొన మేల్కొని, ఒకదాని వెంట నొకటిగా మాంసకృత్తులను కదలించును. అంతట కండరకణమున దాగిన గ్లూకోజు వాహకములు పైపొరకు వచ్చి చక్కెరను లోనికి గొనిపోవును. ఉత్తరము తెచ్చినవాడు వీధిలోనే నిలువగా ఇంటిలో పని సాగినట్లు!

1922 జనవరిలో టొరంటోలో 14 ఏండ్ల బాలునకు ఇన్సులిన్ సూదిమందు ఇచ్చిరి. మొదటి మందు అంతగా పనిచేయలేదు; అదే నెలలో శుద్ధిచేసి ఇచ్చినది చక్కెరను దించెను. ఆ బాలునకు కరవైనది పిలుపు. నడివయస్సున మన యిండ్లలో కనబడు మధుమేహమున తరచు కథ వేరు. ఇన్సులిన్ ఉండును, తొలినాళ్ళలో అధికముగానే ఉండును. వినవలసిన కణములకే చెవుడు. వైద్యులు నడువుమనుట ఊరక కాదు. పనిచేయు కండరము ఆ పిలుపు లేకయే కొంత చక్కెరను తీసికొనును. అటుపిమ్మట కొన్ని గంటలు పిలుపును మునుపటికంటె బాగుగా వినును.