కోలుకొను బిడ్డకు కోడి చారు



జ్వరము విడిచిన బిడ్డకు కోడి చారు పోయుట మన వాడుక. మంచి వాడుకయే. కాని బలమంతయు నీటిలోనికి దిగినదని తలచి, తేట బిడ్డకు పోసి ముక్కలు పెద్దలు తినుట తగదు. చారులోనికి రుచియు, కొన్ని లవణములును దిగును. కండను పెంచు మాంసకృత్తులలో అధికభాగము ముక్కలోనే నిలుచును.

నాటుకోడియైనను, హైదరాబాదు కోళ్ల పరిశోధనాలయము రూపొందించిన వనరాజాయైనను సరియే. అరకిలో మాంసమును లీటరున్నర నీటిలో అల్లము, వెల్లుల్లి, ఉల్లి, మిరియములతో సన్నని మంటపై మెత్తబడువరకు ఉడికించవలెను. ముదురు కోడికి గంటకు పైగా పట్టును. పచ్చి మాంసము కోసిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడిగిన పిదపనే కూరగాయలు తరగవలెను.

మాంసము ఉడికిన పిదప ఎముకలన్నియు తీసివేసి, దానిని సన్నగా చీల్చి మరల చారులో వేయవలెను. గాజరుగడ్డ, చిక్కుడు, టమాటా ముక్కలు వేసి 10 నిమిషములు, గుప్పెడు సేమ్యా, కొంచెము మునగాకు వేసి మరి 5 నిమిషములు ఉడికించిన చాలును. గోధుమ సేమ్యా శక్తినిచ్చును.

చారుతోపాటు ముక్కయు బిడ్డ గిన్నెలోనికే చేరవలెనని మనము నేడే నిశ్చయించుకొందము.