ఏ పాయింటుకు ఆ పాయింటు వేరు

బంటుమిల్లి, పెడన, కృత్తివెన్ను ప్రాంతాల్లో పదో తరగతి చదువుతున్న పిల్లల కోసం, వాళ్ళను తెల్లారకముందే లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టే అమ్మానాన్నల కోసం ఈ ప్రసంగం.

సాంఘికశాస్త్రంలో 8 మార్కుల వ్యాసరూప ప్రశ్నకు చాలామంది ఐదారు సైడ్ హెడింగులు పెడతారు, కింద గీతలు కొడతారు, రెండు పేజీలు నింపుతారు. అయినా అనుకున్న మార్కులు రావు. తిరగేసి చూస్తే హెడింగులు ఐదున్నా విషయం ఒకటే ఉంటుంది.

మనకు దగ్గరి ప్రశ్నే తీసుకుందాం. బందరు రేవు ప్రాభవం ఎందుకు తగ్గింది? ఒక విద్యార్థి ఇలా రాశాడనుకోండి: 1864లో ఉప్పెన వచ్చింది, వేలమంది చనిపోయారు, ఇళ్ళూ సరుకులూ కొట్టుకుపోయాయి, వర్తకులు చితికిపోయారు. అన్నీ నిజాలే. ఆ ఉప్పెనకు దాదాపు 30,000 మంది బలయ్యారని చెబుతారు. కానీ ఉప్పెన అన్న మొదటి వాక్యాన్ని చేత్తో మూసి చదవండి, మిగతావేవీ నిలబడవు. అంటే అతను రాసింది ఒకే ఒక్క కారణం.

వేరే కారణాలు లేవా? బందరు తీరంలో లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేస్తే సరుకును పడవల్లో చేరవేయాల్సి వచ్చేది. ఉప్పెన రాకపోయినా ఈ ఇబ్బంది ఉండేదే. 1611లో ఇక్కడ వర్తకస్థానం పెట్టిన ఇంగ్లీషు కంపెనీ, 1641 నాటికి ఈ తీరంలో తన ప్రధాన కేంద్రాన్ని మద్రాసుకు మార్చుకుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మన నేతకూ అద్దకానికీ గిరాకీ తగ్గించింది.

లోతు లేకే కంపెనీ తరలిపోయిందేమో, అప్పుడు రెండూ ఒకటేగా అని చురుకైన పిల్ల అడగవచ్చు. చక్కటి అనుమానం. కానీ అప్పట్లో మద్రాసులోనూ ఓడలు తీరానికి దూరంగానే ఆగేవి, అక్కడా కట్టిన రేవు లేదు. కాబట్టి అవి వేరువేరు పాయింట్లే. రాసేముందు ఇలా ఒకదానితో ఒకటి తగాదా పెట్టి చూసుకున్న పాయింటే గట్టిది.

ఏది వేరో తేల్చేది చివరికి ప్రశ్నే. రొయ్యల చెరువుల ప్రభావం రాయమన్నారనుకోండి. లాభం, ఆదాయం, చేతిలో డబ్బు అనేవి మూడు హెడింగులు కావు. ఉప్పునీరు ఊరడంతో పక్క వరిచేను చౌడుబారడం, తాగేనీళ్ళు ఉప్పబడటం మాత్రం రెండు ప్రభావాలు. వాటికి కారణం అడిగితే, ఉప్పునీటి ఊట అన్న ఒక్క పాయింటులో రెండూ ఇమిడిపోతాయి.

జవాబు మొదలుపెట్టేముందు పాయింటుకు ఒక్క మాట చొప్పున చిత్తుగా రాసుకోండి. ఇంత చూసుకున్నాక మూడే మిగిలితే, నాలుగోదాని కోసం ఉన్నవాటిని చీల్చవద్దు. ఆ మూడింటికీ ఏడాదీ, ఊరూ, ఉదాహరణా చేర్చి నిండుగా రాయండి.